కొట్టేసిన రెండు వాక్యాలు

వసతిగృహం, మూడో అంతస్తు,
జూలై 4

మౌనీ,

నా మీద నువ్వు మోపిన అభియోగాన్ని ముందుగా నీ మాటల్లోనే ఉదహరిస్తాను: "అక్క పోతూ పోతూ వైఫైకి ఏదో చేసి పోయింది. లేకపోతే నా కొత్త కంప్యూటర్‌కి మాత్రమే ఎందుకు రాదు?" ఆదివారం అమ్మ ఈ సంగతి ఫోనులో నవ్వుతూ చెప్పింది. నేను నవ్వలేదు. జవాబు చెబుతాను, ఫోనులో కాదు, మన ఇంటి నియమం ప్రకారం కాగితం మీద.

ఆ నియమం ఎలా పుట్టిందో నీకు గుర్తుండే ఉంటుంది. నాకు పదకొండేళ్లు, నీకు ఎనిమిది. టీవీ రిమోట్ కోసం మనం అరిచిన అరుపులకు అత్త చేతిలో కత్తెర జారి, కుట్టాల్సిన చొక్కాకు ఒక చెయ్యి పొట్టిదైంది. "కుశలం నోటితో, కలహం కాగితంతో" అని ఆవిడ ఆ రోజే తీర్పు చెప్పింది. రాసినదాన్ని భోజనాల దగ్గర అందరూ వినేలా చదవాలన్నది నాన్న చేర్చిన సవరణ. కాబట్టి వింటున్న నాన్నకు, అమ్మకు, అత్తకు నమస్కారం. వాదన మొదలుపెడుతున్నాను.

నేరానికి ఉద్దేశం ఉండాలి. నీ కంప్యూటర్ పనిచేయకపోతే నాకేమిటి లాభం? నాకు నా సొంత కంప్యూటర్ ఉంది. అచ్చాఫీసువాళ్లు పక్కన పడేస్తే నాన్న తెచ్చి ఇచ్చినది. ఎంటర్ కీ ఊడిపోతే దాని చోట అత్త చొక్కా గుండీ అతికించినది. మూడేళ్లుగా దాంతోనే వాదపోటీలు గెలుస్తున్నాను. నీకు మాత్రం అట్టపెట్టె తెరవగానే కొత్త వాసన కొట్టే కంప్యూటర్, పలకంత పల్చనిది, వచ్చిందట. సంతోషం. ఈ మాటను తెలిసే రాశాను; ప్రూఫులు దిద్దే అలవాటు కొద్దీ నాన్న దాని కింద గీత గీయనక్కర్లేదు.

వైఫైకి ‘ప్రతిపక్షం’ అని పేరు పెట్టింది నేనే. రౌటర్ బిగించిన రోజున దాని తాళాల సంగతి చూసిందీ నేనే. ఒప్పుకుంటాను. కానీ చేతిలో కత్తి ఉన్నంత మాత్రాన వంటమనిషి హంతకురాలు కాదు. అభియోగం కొట్టివేయదగినది.

ఒక ఎదురు ప్రశ్న మాత్రం మిగిలింది. కళాశాలలో చేరిన మొదటి ఏడాదే నీకు కొత్త కంప్యూటర్ ఎందుకు అవసరమైంది? అడిగితే అమ్మ "తిన్నావా?" అని మాట మార్చింది. నువ్వు చెప్పు.

అక్క

*

ఇల్లు, అత్త మిషను గది,
జూలై 11

అక్కా,

నీ ఉత్తరం చదివేసరికి భోజనం చల్లారిపోయింది. అత్త అంది, "తమలపాకుతో అదొకటంటే తలుపుచెక్కతో ఇది రెండంటుంది. మా వకీలుకి జ్వరం కూడా వాదించే వస్తుంది." నాన్న ‘సంతోషం’ దగ్గర ఆగి కళ్లజోడు తుడుచుకున్నారు. గీత గీయలేదులే. అమ్మేమో "దానికింకో గుండీ పంపాలేమో" అంది.

నేనన్నది సరదాకి. నిజంగా నిందే అయితే కాగితం మీదే రాసేదాన్ని కదా.

ఎందుకు అవసరమో చెప్తా, కోప్పడకు. కళాశాలల వాదపోటీకి నా పేరిచ్చారు. తర్కం మాష్టారే ఇచ్చారు. అవును, నీ మాష్టారే. నీకు నేర్పిన ఆ గదిలోనే, ఆ కిర్రుమనే బల్ల దగ్గరే నాకూ నేర్పుతున్నారు. తొలి రౌండు ఆగస్టు 8న, ఎవరింట్లో వాళ్లు కంప్యూటర్ ముందు కూర్చుని. ఏడుగురిని తీసుకుంటారు. వాళ్లకి ఫైనల్స్ మీ క్యాంపస్‌లో. ఆ రోజు కనెక్షన్ లేదంటే పేరు తీసేస్తారు, ఇంకో అవకాశం ఉండదు. కంప్యూటర్ అందుకే.

ఒకటి చెప్పాలా వద్దా అని రెండ్రోజులు అనుకున్నా. మాష్టారు మొన్న అన్నారు, "మీ అక్క గెలుస్తుంది. నువ్వు ఒప్పిస్తావు" అని. నాకర్థం కాలేదు. నీకర్థమైతే రాయి.

ఇక జబ్బు లక్షణాలు. కంప్యూటర్‌లో ‘ప్రతిపక్షం’ కనిపిస్తుంది. నొక్కితే పాస్‌వర్డ్ అడుగుతుంది. ఇస్తే కాసేపు గుండ్రంగా తిరిగి, కనెక్ట్ కాలేకపోయాం అంటుంది. ఫోనులు నాలుగూ శుభ్రంగా పట్టుకుంటున్నాయి. పోనీ ఫోను సిగ్నల్‌తో కానిద్దామంటే తెలుసుగా, మన గోడల్లోకి అది దూరదు, మేడెక్కాలి. వైరు పెడదామంటే ఈ పల్చటి దానికి వైరు దూర్చే కన్నమే లేదు. ‘ప్రతిపక్షం’ నన్ను చూస్తోంది గానీ చర్చకి రానంటోంది. అంతా నీ పోలికే.

నీ మౌని

*

వసతిగృహం,
జూలై 19

మౌనీ,

అభినందనలు. ఈ ఒక్క మాట రాయడానికి నాకు మూడు రోజులు పట్టింది. పరీక్షలున్నాయని చెబుతాను, నమ్మినట్టు నటించు.

మాష్టారి మాట నాకర్థమైంది. నీకు చెప్పను. ఆ కిర్రుమనే బల్ల పక్కన నేను రెండేళ్లు నిలబడి మాట్లాడాను. ఆయన ఒక్కనాడు ‘బాగుంది’ అనలేదు. "ఇంకొంచెం నెమ్మదిగా" అనేవారు. గెలిచిన కప్పు తెచ్చి బల్ల మీద పెట్టినప్పుడూ అదే మాట. నీకు రెండు నెలల్లోనే వాక్యాలు దొరుకుతున్నాయి.

చిన్నప్పుడు మనం వాటాలు వేసుకున్నాం. మాటలు నావి, మౌనం నీది. ఇంటికి ఎవరైనా వస్తే నీ పేరు కూడా నేనే చెప్పేదాన్ని. నువ్వు నా వెనక నిలబడి నా జడ చివర నమిలేదానివి. నా వాటాలోకి నువ్వు ఎప్పుడు నడిచి వచ్చావో నాకెవరూ చెప్పలేదు. ఇది ఫిర్యాదు కాదు. సరిహద్దు గుర్తుచేస్తున్నాను.

ఇక పని. ముందు రౌటర్ వైరు పీకి, వంద లెక్కపెట్టి, మళ్లీ పెట్టు. కంప్యూటర్ మూత వేసి తీయడం కాదు, పూర్తిగా ఆపి మళ్లీ ఆన్ చెయ్యి. విమానం బొమ్మ వెలుగుతుంటే ఆర్పు. అది వెలుగుతున్నంతసేపూ వైఫై పనిచేయకపోవచ్చు. తర్వాత ‘ప్రతిపక్షం’ మీద నొక్కి, దాన్ని మరిచిపొమ్మని కంప్యూటర్‌కు చెప్పు. మరిచిపోయాక కొత్త మనిషిలా పాస్‌వర్డ్ ఇవ్వు. క్యాపిటల్ అక్షరాలు చూసుకో. అదీ కాకపోతే వైర్‌లెస్ డ్రైవర్‌ను తీసేసి కంప్యూటర్‌ను మళ్లీ ఆన్ చెయ్యి, డ్రైవర్‌ను అదే తిరిగి వేసుకుంటుంది. ఇవన్నీ రౌటర్ పక్కనే కూర్చుని చెయ్యి. ఫోనులు నాలుగూ పనిచేస్తూ, కొత్త కంప్యూటర్ ఒక్కటే పనిచేయడం లేదంటే

ఇక్కడ రెండు వాక్యాలు రాసి కొట్టేశాను. అనవసరమైనవి. పైన చెప్పినవి చెయ్యి, సరిపోతుంది.

అక్క

*

ఇల్లు, అత్త మిషను గది,
జూలై 26

అక్కా,

నాన్న నీ ఉత్తరం నా చేతిలోంచి తీసుకుని, "ప్రూఫులు దిద్దేవాడికి రాసినదానికంటే కొట్టేసినదే ముందు కనబడుతుందమ్మా. మా వకీలు ఇంత నల్లగా ఎప్పుడూ కొట్టలేదే" అన్నారు. అత్తేమో "గుడ్డ ఎక్కువైతే నేను కత్తిరించనూ? మాటలెక్కువై అదీ కత్తిరించుకుంది" అంది.

నువ్వు చెప్పినవన్నీ చేశా. వంద కాదు, రెండొందలు లెక్కపెట్టా; అత్త మధ్యలో కొలత అడిగి లెక్క తప్పించింది. విమానం బొమ్మ ఆరిపోయే ఉంది. మరిచిపొమ్మన్నా, మళ్లీ పరిచయం చేశా. డ్రైవర్ తీసేస్తే అదీ బుద్ధిగా తిరిగొచ్చింది. ఆఖరికి రౌటర్‌ని ఒళ్లో పెట్టుకుని కూడా చూశా. అమ్మ "పసిపాపని ఆడిస్తున్నట్టుంది" అని నవ్వింది. అదే గుండ్రం, అదే మాట.

వీధి చివర కంప్యూటర్లు బాగుచేసే ఆయన్ని పిలిచాం. తన కంప్యూటర్ తెచ్చి పెడితే దానికీ రాలేదు. "మీదానికి ఏ రోగమూ లేదమ్మా. రౌటరే కొత్తవాళ్లని గుమ్మంలో ఆపేస్తోంది. లోపలి సెట్టింగులు చూడాలి. ఆ పాస్‌వర్డ్ పెట్టినవాళ్లనే అడగండి, లేదంటే మొత్తం చెరిపేసి మొదట్నుంచీ పెడతా" అన్నాడు. నాన్న ఒప్పుకోలేదు. "పెట్టిన పిల్ల ఉండగా చెరపడమెందుకు? దాన్నే అడుగుదాం" అన్నారు.

అందుకే అడుగుతున్నా. వైఫైది కాదు, రౌటర్ లోపలి పాస్‌వర్డ్. గుర్తుందా అక్కా? ఇంకేమైనా గుర్తొస్తోందా?

ఎనిమిదో తేదీకి పదమూడు రోజులుంది.

మౌని

*

వసతిగృహం,
ఆగస్టు 1

మౌనీ,

గుర్తు లేదు. మూడేళ్ల కిందటి సంగతి. సెలవులకు వచ్చినప్పుడు చూస్తాను.

అయినా అన్నిటికీ నన్నెందుకు అడుగుతారు? ఆ ఇంట్లో ఇప్పుడు ఇంకో వకీలు ఉందిగా. నువ్వు గదిలో నిలబడి మాట్లాడుతుంటే, ఆసుపత్రి డ్యూటీ నుంచి వచ్చిన అమ్మ భుజాన సంచీ కూడా దించకుండా వింటోందట. తానే చెప్పింది. నేను మాట్లాడినప్పుడు "మెల్లగా, పక్కింటివాళ్లు వింటారు" అనేది. నీ కోసం అత్త మిషను ఆపుతోందట. నా కోసం ఆ మిషను ఎన్నడూ ఆగలేదు. దాని చప్పుడును మించి వినబడాలనే నేను గొంతు పెంచుకున్నాను. నా గొంతు గట్టిదని ఇప్పుడు అందరూ అంటారు. ఆ గట్టితనం ఎక్కడ నేర్చుకున్నానో ఎవరూ అడగలేదు.

నిశ్శబ్దం నీకు దొరికింది. కొత్త కంప్యూటర్ దొరికింది. మాష్టారి నోట మంచిమాట దొరికింది. నా పేరు మీద రావలసిన ఉత్తరాలన్నీ, చిరునామా దిద్ది, నీకు బట్వాడా చేసినట్టుంది. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకుంటున్నానని అత్త అంటుంది. అననీ. నా భుజాలు, నా చేతులు.

దీన్ని కూడా అందరికీ చదివి వినిపించు. నియమం నియమమే.

అక్క

*

ఇల్లు,
ఆగస్టు 12

అక్కా,

నీ ఉత్తరం ఐదో తేదీన వచ్చింది. చదవలేదు. అంటే నేను చదివా, భోజనాల దగ్గర చదవలేదు. ఇంకా రాలేదని చెప్పా. అది వింటే అమ్మకి, అత్తకి ముద్ద దిగేదా?

ఎనిమిదో తేదీన మేడెక్కి, నాన్న ఫోనుతో పాల్గొన్నా. అమ్మ సెలవు పెట్టి, ఇటుకలు పేర్చి ఫోను నిలబెట్టింది. అత్త గొడుగు పట్టుకుని నిలబడింది, నాకు కాదు, ఎండకి ఫోను వేడెక్కి ఆగిపోతుందని. మధ్యలో రెండుసార్లు మాట తెగిపోయింది. అత్త "అయిపోయింది, అయిపోయింది" అని ఒకటే గోల. నేను నోరు మూసుకుని నిలబడ్డా. అది నాకలవాటేగా. కనెక్షన్ రాగానే తెగిన మాట దగ్గర్నుంచే అందుకున్నా. వేళ మించిందని మార్కులు కోసేశారు. ఏడో స్థానం. ఆఖరిది.

నువ్వు కిందటేటి విజేతవి కాబట్టి నేరుగా ఫైనల్స్‌లో ఉన్నావు. ఆఖరి స్థానంవాళ్లు మొదట విజేతతోనే తలపడాలట. అంటే నువ్వూ నేనూ.

నేను రాను. ఇరవై ఐదు లోపు పేరు వెనక్కి తీసుకోవచ్చు. ఇంట్లో చెప్పా, మాష్టారికి ఇంకా చెప్పలేదు. కారణం మాత్రం ఎవరికీ చెప్పలేదు. నీకు చెప్తున్నా.

నువ్వు కొట్టేసిన రెండు వాక్యాలు నేను జూలైలోనే చదివేశా. కంప్యూటర్లాయన వచ్చి వెళ్లాక, ఆ కాగితం తిరగేసి కిటికీ అద్దానికి పెట్టా. నువ్వు పెన్ను ఎంత ఒత్తి రాస్తావో తెలుసుగా, అక్షరాలు వెనక్కి పొడుచుకొచ్చాయి. ‘జాబితా’ అని ఉంది. ‘అడుగున చీటీ’ అని ఉంది. రౌటర్ తిరగేశా. నీ చేతిరాతే, లోపలి పాస్‌వర్డ్. నా ఫోనులోంచే లోపలికి వెళ్లి చూశా. నాన్న ఫోను, అమ్మ ఫోను, అత్త ఫోను, మౌని ఫోను, అక్క కంప్యూటర్. ఈ ఐదింటికి తప్ప ఇంకెవరికీ ప్రవేశం లేదు. ఇంట్లో లేని నీ కంప్యూటర్‌కి చోటుంది అక్కా. ఇంట్లో ఉన్న నాదానికి లేదు.

చేర్చుకోవడం ఎంత పని? అయినా చేర్చుకోలేదు. నీకు తెలుసని నాకు తెలిసిపోయింది కదా, నువ్వే చెప్తావనుకున్నా. అందుకే పాస్‌వర్డ్ అడిగా. ఇంకేమైనా గుర్తొస్తోందా అని కూడా అడిగా. ఎనిమిది దాకా చూశా.

నీతో కొట్లాడి తెచ్చుకునే కుర్చీ నాకొద్దు. నీ వాటా నువ్వే ఉంచుకో.

మౌని

*

వసతిగృహం,
ఆగస్టు 19

నాన్నకు, అమ్మకు, అత్తకు. ఎదురుగా కూర్చుని వింటున్న మౌనికి,

ఈ ఉత్తరాన్ని మౌని చదవకూడదు, అందుకే నాన్న పేరు మీద పంపుతున్నాను. మౌని చదివితే నన్ను కాపాడుతూ చదువుతుంది. ఆగస్టు 1న నేను రాసిన ఉత్తరం మీకు రాలేదని చెప్పింది, వచ్చింది. అడిగి తీసుకుని దాన్నీ చదవండి. అందులో అమ్మ గురించి, అత్త మిషను గురించి రాసినవి అబద్ధాలు కావు. కానీ ఆ నిజాలను నేను ఒక అబద్ధానికి కాపలాగా నిలబెట్టాను. ‘గుర్తు లేదు’ అన్నది ఆ అబద్ధం.

జూలై 4న నా మీది అభియోగాన్ని నేనే చదివి, నేనే కొట్టివేయించుకున్నాను. ఈ రోజు నేనే దాన్ని తిరగతోడుతున్నాను. పై వాటాలో అద్దెకున్నవాళ్లు మన వైఫై వాడుకుంటున్నారని మూడేళ్ల కిందట రౌటర్‌లో ఒక జాబితా పెట్టాను. అందులో ఉన్నవాటికి తప్ప దేనికీ ప్రవేశం ఉండదు. అద్దెవాళ్లు వెళ్లిపోయారు, జాబితా మిగిలింది, నేను మరిచిపోయాను. జూలై 4న రాసిన ప్రతి మాటా నమ్మే రాశాను. జూలై 19న డ్రైవర్ గురించి చెబుతూ చెబుతూ ఉండగా గుర్తొచ్చింది. ఆ రెండు వాక్యాలు ఇవి: "రౌటర్‌లో నేను పెట్టిన జాబితాలో నీ కంప్యూటర్ లేదు. రౌటర్ అడుగున చీటీ ఉంది, చూసి చేర్చుకో." రాశాను. ఒకసారి చదువుకున్నాను. అక్షరం కనబడకుండా కొట్టేశాను. మరిచిపోవడం పొరపాటు. గుర్తొచ్చాక కొట్టేయడం నేరం. వీధి చివర ఆయన కూడా గుమ్మం దాకా వచ్చి చెప్పిన తర్వాత, పాస్‌వర్డ్ గుర్తు లేదని రాయడానికి ఏ పేరు పెట్టాలో నాకింకా తెలియదు.

ఎందుకు చేశానంటే, అసూయతో. దీనికి కాస్త గౌరవమైన మాట కోసం వెతికాను, దొరకలేదు. అది పోయిందని కూడా మీకు చెప్పను. మౌని ఉత్తరంలో "తెగిన మాట దగ్గర్నుంచే అందుకున్నా" అన్న చోట నాలుగుసార్లు ఆగాను. కనెక్షన్ తెగితే నేను అరిచేదాన్ని. తెర మీద ఎవరూ లేకపోయినా అరిచేదాన్ని. మాష్టారి మాటకు అర్థం రాయమన్నావు కదా మౌనీ, ఇప్పుడు రాస్తున్నాను: నేను మాట్లాడితే ఎదుటివాళ్లు ఓడిపోతారు. నువ్వు మాట్లాడితే వాళ్లు మారతారు. నాకిది తెలిసి నెల దాటింది, ఇంకా మింగుడుపడలేదు.

ఇక నీ చివరి వాదన. నీ వాటా నువ్వే ఉంచుకో అన్నావు. ఉంచుకోను. చిన్నప్పుడు ఆ వాటాలు వేసింది నేను ఒక్కదాన్నే. నువ్వు అప్పుడు ఒప్పుకోలేదు, మాట్లాడలేదంతే. నువ్వు రాకపోతే ఖాళీ కుర్చీ ముందు నేను గెలిచానని రాస్తారు. ఆ గెలుపును ఏ గదిలో పెట్టుకోను? నన్ను తిట్టు, పడతాను. నన్ను చూసి జాలిపడి తప్పుకుంటే మాత్రం పడను. వైఫై లేకుండా, ఎండలో, ఇటుకల మీది ఫోనుతో ఏడో స్థానం తెచ్చుకున్నదానివి. సరిగ్గా కూర్చుని మాట్లాడితే నన్ను ఓడించగలవు. ఈ వాక్యం రాస్తుంటే కడుపులో భగ్గుమంటోంది. ఆ మంటతోనే నీ ఎదురుగా కూర్చుంటాను. దాన్ని ఆర్పుకుని రమ్మని నన్ను ఎవరూ అడగవద్దు.

అత్తా, మౌని సాధన చేసేటప్పుడు మిషను ఆపుతూనే ఉండు. సెలవులకు వచ్చినప్పుడు నా కోసం కూడా ఒక్కసారి ఆపి చూడు. నెమ్మదిగా మాట్లాడడం నాకు వచ్చో రాదో నాకే తెలియదు.

సభవారికి నా డిమాండు ఇది. మౌనిని పేరు వెనక్కి తీసుకోనివ్వకండి. తను అలుగుతుంది, రెండు రోజులు మాట్లాడదు; అది దాని పాత ఆయుధం, లొంగకండి. తన కంప్యూటర్‌ను ఇప్పుడే భోజనాల బల్ల మీదికి తెప్పించండి. నాన్న ఫోనులోంచి రౌటర్ లోపలికి వెళ్లండి. చీటీ దాని అడుగునే ఉంది. జాబితాలో ఆరో వరుస ఖాళీగా ఉంటుంది. మౌని కంప్యూటర్ వైర్‌లెస్ సెట్టింగుల్లో పన్నెండు అక్షరాలూ అంకెలూ కలిసిన ఒక చిరునామా కనబడుతుంది. దాన్ని నాన్న ఒక్కొక్కటిగా చదవాలి, అమ్మ ఆరో వరుసలో నింపాలి, అత్త తన వేలితో ‘సేవ్’ నొక్కాలి. మౌని చేత నొక్కించకండి. సొంత ఇంట్లో తనను తాను చేర్చుకోవలసిన అవసరం తనకు లేదు. ‘ప్రతిపక్షం’ తనను లోపలికి రానిచ్చిందని ఆ తెర మీద మీ ముగ్గురి కళ్లకూ కనబడేదాకా, మీలో ఒక్కరు కూడా ఆ బల్ల దగ్గర్నుంచి లేవడానికి వీల్లేదు.